ఆగితే ఏం పోద్ది?

మా మామూ పోయిన రోజున కూడా నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టాడు. బతికున్నన్నాళ్ళూ నిలబెట్టింది చాలక!

మామూ అంటే మా అమ్మకు అన్న. రేపల్లెలో దర్జీ. మాది తెనాలి. ఇప్పుడు నేను బాపట్లలో పరదా గుడ్డల కొట్టు పెట్టుకుని బతుకుతున్నాను. నాకు గుడ్డ కోయడం నేర్పింది మామూ. ఒమాన్ తీసుకెళ్ళింది మామూ. అక్కడ నన్ను చావు అంచు దాకా తీసుకెళ్ళి వెనక్కి తీసుకొచ్చింది కూడా ఆయనే. అంచేత ఆయన్ని తిట్టే హక్కు నాకు మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువే ఉంది. దాన్ని ఆయన ఉన్నప్పుడూ వదులుకోలేదు, ఇప్పుడూ వదులుకోను.

మనిషి పొట్టి. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. పెళ్ళికి పోయినా, చావుకి పోయినా, డాక్టరు దగ్గరికి పోయినా అంతే. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేవాడు. మాటలు నోటి మూల నుంచి వచ్చేవి. సగం అర్థమయ్యేవి కావు. "ఏంటి మామూ?" అని అడిగితే, సూదులు తీయకుండా అదే మాట ఇంకాస్త గట్టిగా అనేవాడు. మా ఇళ్ళలో సగం ఉర్దూ, సగం తెలుగు నడుస్తాయి. మామూకి కోపం వస్తే మాత్రం మొత్తం తెలుగే. తిట్టడానికి తెలుగంత విశాలమైన భాష లేదని ఆయన నమ్మకం. ఎవరైనా కొత్త మనిషి ఎదురుపడితే సలాము కంటే ముందు, "నీ కుడి భుజం దిగిందయ్యా, చొక్కా సరిగ్గా కూర్చోదు" అనేవాడు. బాపట్లలో నా పెళ్ళిచూపులప్పుడు మా మామగారితో ఆయన అన్న మొదటి మాట అదే. మామగారికి ఇప్పటికీ ఆ భుజం మీద అనుమానం పోలేదు.

ఈ మనిషిని ఊళ్ళో అందరూ స్టాపు సాయిబు అనేవాళ్ళు. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలంటే, అసలు ఒకప్పుడు ఆయన ఎక్కడా ఆగేవాడు కాదని ముందు చెప్పాలి.

మా వైపు వానాకాలం తెలిసినవాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు. డ్రెయిను పొంగి రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయంటే జనం ఏం చేస్తారు? ఒడ్డున ఆగి బస్సు కోసం చూస్తారు. బస్సు రాగానే దాని వెనకాల మోపెడ్లూ ఆటోలూ వరసగా దిగుతాయి. అది బస్సు డ్రైవరు రోజూ తిరిగే రోడ్డు. గొయ్యి ఎక్కడుందో, తారు అంచు ఎక్కడ తెగిందో ఆయనకి తెలుసు. పైగా అంత పెద్ద చక్రాలు నీళ్ళను అటూ ఇటూ తోస్తాయి కాబట్టి, ఆ కాస్త సందులో మనం కూడా దాటేయొచ్చు. అలా దాటడం మామూకి పండగ. నన్ను మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని, కుట్టిన బట్టల మూట నా నెత్తిన పెట్టి, "కాళ్ళు పైకెత్తరా తెనాలోడా, బస్సు తోక పట్టుకుంటున్నాం" అని అరుస్తూ దిగేవాడు. "నీళ్ళకి భయపడేవాడు రేపల్లెలో పుట్టడు" అనేవాడు. నేను తెనాల్లో పుట్టాను కాబట్టి భయపడే హక్కు నాకుంది అంటే వినేవాడు కాదు.

"మన నీళ్ళు పెద్దమనుషులురా," అనేవాడు. "చెప్పి వస్తాయి. తెనాల్లో కాలవ నిండిందని కబురొస్తే, ఇక్కడ మనం తాపీగా పరుపులు అటక ఎక్కించి, టీ తాగి, అప్పుడు కాళ్ళు కడుక్కోవచ్చు."

ఒమాన్ వెళ్ళాక కూడా ఆ లెక్కే. కొండల కింద చిన్న ఊళ్ళో ఒక అరబ్బు సేఠ్ దర్జీ దుకాణంలో మామూ పెద్ద టైలరు. అక్కడి మగవాళ్ళు తొడుక్కునే పొడుగాటి తెల్ల చొక్కాలు కుట్టేవాడు. నేను పరదాలు కుట్టేవాణ్ణి. కుట్టినవి పల్లెలకి చేర్చడానికి ఒక వ్యాను ఉండేది. ఆ పల్లెలకి పోయే దారిలో అడుగడుగునా ఎండిపోయిన వాగులు. వాటిని వాదీ అంటారు. వంతెన ఉండదు. తారు రోడ్డు నేరుగా వాగులోకి దిగి, గులకరాళ్ళ మధ్య నుంచి అవతల ఎక్కుతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం అందులో మేకలు తిరుగుతాయి. దిగేచోట నీళ్ళ లోతు తెలియడానికి గీతలు గీసిన స్తంభాలు పాతి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు మామూ పగలబడి నవ్వాడు. "తాగడానికి చుక్క లేని చోట లోతు కొలిచే కర్రలేంట్రా! వీళ్ళని ఒక్క వానాకాలం రేపల్లెలో ఉంచాలి" అన్నాడు.

సేఠ్ మంచివాడు. నెమ్మదైన మనిషి. ఆ రంజాన్ చివర్లో, పండగ బట్టలు పల్లెలకి పంపాల్సిన రోజు, మధ్యాహ్నం దుకాణం బయట నిలబడి కొండల వైపు చూసి, "ఈ పూట వద్దు, రేపు పోండి" అన్నాడు. పైన ఎక్కడో మబ్బు పట్టి ఉంది. మా నెత్తిన మాత్రం ఎండ మాడ్చేస్తోంది. చుక్క పడలేదు. మామూ నా వైపు తిరిగి తెలుగులో, "ఎక్కడో వానొస్తే ఇక్కడ గొడుగేసుకోమంటున్నాడు" అన్నాడు. సేఠ్‌కి మాత్రం, "పిల్లల పండగ బట్టలు సాబ్, మాటిచ్చాను" అని ఉర్దూలో చెప్పి వ్యాను తీశాడు.

వద్దని నేను అన్నానా? అన్నాను. గట్టిగానే అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

పెద్ద వాదీ దగ్గరికి వచ్చేసరికి అందులో నీళ్ళు పారుతున్నాయి. ఎక్కువేం కాదు, చీలమండ దాకా. కానీ టీ రంగులో ఉన్నాయి, నురగ కట్టి ఉన్నాయి. ఇటూ అటూ కార్లు ఆగి ఉన్నాయి. ఆ ఊరివాళ్ళు హాయిగా చాపలు పరుచుకుని రాళ్ళ మీద కూర్చున్నారు, పెళ్ళివారి కోసం ఎదురు చూస్తున్నట్టు. ఒక్కరూ దిగడం లేదు. మామూకి ఒళ్ళు మండింది. "చీలమండ నీళ్ళకి చాపలేసుకుని కూర్చున్నారు చూడు! ఇదేం జనంరా బాబూ!" అన్నాడు.

అంతలో వెనక నుంచి ఒక పెద్ద నీళ్ళ ట్యాంకరు లారీ వచ్చింది. ఎవరినీ లెక్కచేయకుండా దిగిపోయింది. మామూ మొహం వెలిగిపోయింది.

"అదిగోరా మన బస్సు!"

అంతే. గేరు వేసి దాని తోక పట్టుకున్నాడు. మేం కదులుతుంటే నేను అద్దంలో చూశాను. మా పక్కన ఆగి ఉన్న చిన్న తెల్ల పికప్పు ఒకటి మా వెనకాలే కదిలింది. అందులో ఒక్కడే మనిషి. అంతకు ముందు మావైపు చూసి నవ్వాడు. మనలాగే పొట్ట చేత పట్టుకుని వచ్చినవాడు. ఏ దేశమో అప్పటికి మాకు తెలియదు. మామూ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, రా రా అని ఊపాడు. రేపల్లె రోడ్డు మీద మోపెడ్ల వాళ్ళని ఎలా పిలిచేవాడో అలాగే.

సగం దాటేసరికి చప్పుడు వినిపించింది. నీళ్ళ చప్పుడు అనుకోలేదు నేను. రాళ్ళు దొర్లుతున్న చప్పుడు అది. మన కాలవ మెట్టు మెట్టుగా పెరుగుతుంది. ఇది అలా కాదు. పక్క నుంచి ఒక గోడ నడిచి వచ్చినట్టు వచ్చింది. చీలమండ నీళ్ళు తలుపు దాకా ఎప్పుడు ఎక్కాయో తెలియదు. వ్యాను వెనక భాగం పక్కకి జరిగింది. మామూ నోట్లోంచి గుండుసూదులు నా ఒళ్ళో పడ్డాయి. అప్పుడే తెలిసింది, వాటిని దుకాణం నుంచి అలాగే పెట్టుకుని వచ్చాడని. లారీ వేసిన దారిలో ముందు చక్రాలు ఎలాగో గట్టు పట్టుకున్నాయి. ఇంజను ఏడ్చి ఏడ్చి ఒడ్డెక్కింది. అల్లా దయ, అంతే. మా తెలివి అందులో రవ్వంత లేదు.

దిగి వెనక్కి చూశాం. పికప్పు మధ్యలో ఉంది. తేలుతోంది. మెల్లగా ఒక చుట్టు తిరిగింది. ఆ మనిషి కిటికీలోంచి మా వైపే చూస్తున్నాడు. అరవడం లేదు. ఇప్పుడేం చెయ్యాలో ముందు పోయినవాళ్ళకి తెలుసు కదా, చెప్తారు కదా అన్నట్టు మావైపే చూశాడు. తర్వాత ఆ బండి కనపడలేదు.

మర్నాడు చాలా దిగువన దొరికాడు.   అతని కాగితాలు చూస్తే మా మతం వాడేనని తెలిసింది. కఫన్, అంటే శవానికి చుట్టే తెల్లగుడ్డ, మా దుకాణం నుంచే ఇవ్వమని మామూ పట్టుబట్టాడు. తనే కొలిచాడు, తనే కోశాడు. కోసి, ఆ గుడ్డ పట్టుకుని మిషను ముందు కూర్చుండిపోయాడు. నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను.

"దీనికి కుట్టు ఉండదురా," అన్నాడు. "దర్జీ పని పనికొచ్చేది ఏమీ లేదు ఇందులో."

ఆయన ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

ఇంట్లో చెప్పొద్దన్నాడు. అక్కడున్నన్నాళ్ళు చెప్పకపోవడంలో అర్థం ఉంది. ముమానీ, అంటే ఆయన భార్య, హడలిపోతుంది. మరి ఇద్దరం తిరిగొచ్చేశాక? అప్పుడూ వద్దన్నాడు. "చెప్తే జాలి పడతార్రా. తిట్టించుకోవడమే మేలు" అన్నాడు. సరే, తిట్టించుకున్నాడు. ఎంత తిట్టించుకోవాలో అంతా తిట్టించుకున్నాడు. ఆ తిట్ల మధ్య నా ప్రాణం తీశాడు.

రోడ్డు మీద నీళ్ళు కనిపిస్తే చాలు, ఇక మామూ బండి కదలదు. అరచెయ్యి లోతైనా అంతే. దిగి రోడ్డుకి అడ్డంగా నిలబడి, వెనక వచ్చేవాళ్ళకి చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఆగండయ్యా, ఆగితే ఏం పోద్ది?" ఇదొక్కటే మంత్రం. ఏం పోద్దో నేను చెప్తాను వినండి. నిజాంపట్నంలో మా చుట్టాల ఇంట్లో పెళ్ళి తర్వాతి వలీమా విందు పోయింది. రేపల్లె స్టేషన్లో రైలు పోయింది. ఒక ఏడాది ఈద్ నమాజే పోయింది. ముమానీ నెత్తీ నోరూ కొట్టుకుని, "ఈయన్ని గల్ఫుకి పంపితే మనిషి మారొస్తాడనుకున్నా గానీ, ఇలా పిరికి మందు తాగొస్తాడనుకోలేదే అమ్మా" అని మా అమ్మ దగ్గర వాపోయేది.

నా పెళ్ళి సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు. తెనాలి నుంచి బాపట్లకి బరాత్ బయలుదేరింది. ఎండాకాలం. ఆకాశంలో మచ్చుకి మబ్బు లేదు. ఊరు దాటక ముందే మునిసిపాలిటీ పైపు పగిలి రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి. మొదటి కారులో మామూ. కారు ఆపించాడు. దిగాడు. షేర్వానీ మీద టేపు వేలాడుతూ చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. వెనక బ్యాండువాళ్ళ వ్యాను, బంధువుల బస్సు, మొహాన పూల సెహ్రాతో నేను.

పూలు పక్కకి తప్పించుకుని నేనే దిగి వచ్చాను. "మామూ, అవి పైపు నీళ్ళు!"

"నీళ్ళ మీద అడ్రసు రాసుంటదా?"

"అదిగో, పైపు కనపడతానే ఉంది కదా! కాలు కూడా తడవదు!"

"ఇంతమంది వెనకున్నార్రా."

"వాళ్ళంతా నా పెళ్ళికొస్తున్నారు! అందుకే వెనకున్నారు!"

"ఆగితే ఏం పోద్ది? పెళ్ళికూతురు పారిపోద్దా?"

ఖాజీగారు అవతల ఎదురుచూస్తున్నారు. బిర్యానీ చల్లారిపోతోంది. మునిసిపాలిటీ మనిషి వచ్చి వాల్వు కట్టేసేదాకా మామూ కదల్లేదు. బాపట్లలో మా అత్తవారు ఆ బిర్యానీ గురించి ఇప్పటికీ మాట్లాడతారు. భుజం గురించి మాట్లాడని రోజున బిర్యానీ గురించి మాట్లాడతారు.

ఆయన దగ్గర నేను గమనించిందీ, మిగతావాళ్ళు గమనించనిదీ ఒకటుంది. నీళ్ళ దగ్గర ఆగినప్పుడు మామూ ముందుకి చూసేవాడు కాదు. వెనక్కి చూసేవాడు. ఎవరైనా వస్తున్నారేమోనని ఎదురుచూస్తున్నాడని జనం అనుకునేవాళ్ళు. వెనక ఒక్క సైకిలు ఉన్నా సరే, కదలడు. వెనక ఎవరూ లేకపోతే? మోకాలి లోతు నీళ్ళలో కూడా మోపెడ్ నెట్టుకుంటూ పోయేవాడు మహానుభావుడు! ఒకసారి చెరుకుపల్లి దారిలో అలా ఒంటరిగా పోయి, సైలెన్సరులో నీళ్ళు నింపుకుని, బండిని ఇంటి దాకా తోసుకొచ్చాడు. అప్పుడు నిజంగా నాకు కోపం ఆగలేదు.

"నీ ప్రాణం ప్రాణం కాదా మామూ? వెనక ఎవడూ లేకపోతే మాత్రం చచ్చిపోవచ్చా?"

టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"నేను దిగితే నాతో పోద్ది. వెనక మనిషుంటే నన్ను చూసి దిగుతాడు. వాడికి నీళ్ళు కనపడవురా, నా వీపే కనపడద్ది."

"అది ఎప్పటి మాట మామూ. ఇంకెన్నాళ్ళు?"

"చెయ్యి ఊపానురా తెనాలోడా. రమ్మని నేనే చెయ్యి ఊపాను."

 లారీవాడు దిగకపోతే మనం దిగేవాళ్ళమా అన్నాను. సేఠ్ తాళాలు ఇవ్వకపోతే పోయేవాళ్ళమా అన్నాను. విధి అన్నాను. అన్నిటికీ ఊఁ కొట్టాడు. సాసర్లో టీ అయిపోయింది. మర్నాడు కాలవ కట్ట మీద ఆయన వల్ల ఒక ఆటో, ఒక ట్రాక్టరు, ఒక పాల బండి ఆగిపోయాయని కబురొచ్చింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు అని ఊరికే అన్నారా!

మొన్న వాయుగుండం వాన పట్టుకున్నప్పుడు, పొద్దున్నుంచి లైను కలవక, మధ్యాహ్నం దాటాక మామూ కొడుకు సలీం ఫోను చేశాడు. "అన్నా, బాబా పోయాడు. తెల్లారుజామున ఫజర్ నమాజు చదివి పడుకున్నాడు, ఇక లేవలేదు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టి. ఆలస్యం చెయ్యొద్దంటున్నారు, వాన ఆగట్లేదు. తొందరగా వచ్చేయ్."

మాలో పోయినవాళ్ళని ఉంచరు. ఆ పూటకాపూట మట్టిచ్చేయాల్సిందే. నన్ను చావు నుంచి ఒడ్డెక్కించిన మనిషికి మూడు గుప్పిళ్ళ మట్టి వెయ్యలేకపోతే నా బతుకెందుకు? కొట్టు వ్యాను తీశాను. మా ఆవిడ పక్కన కూర్చుంది. బాపట్ల దాటేసరికే కుండపోత.

చెరుకుపల్లి దాటాక డ్రెయిను పొంగింది. రోడ్డు కనపడటం లేదు. రెండు పక్కలా పొలాలు, మధ్యలో రోడ్డు, అన్నీ ఒకటే నీళ్ళు. వరసలో నాదే మొదటి బండి. అంతలో బస్సొచ్చింది. నన్ను దాటుకుని దిగింది. నింపాదిగా, రోజూ పోయేంత ధీమాగా పోతోంది.

"బస్సు పోయిందిగా," అంది మా ఆవిడ. "దాని వెనకే పోనివ్వండి. మట్టి టైమైపోతోంది."

గేరు వేశాను. నిజం చెప్తున్నాను, వేశాను. అలవాటుగా అద్దంలోకి చూశాను. వెనక మోపెడ్ మీద ఒకాయన, ఆయన భార్య, ఆవిడ ఒళ్ళో గొడుగు కింద బిడ్డ. వాళ్ళ వెనక కూలోళ్ళతో నిండిన ఆటో. మోపెడ్ ఆయన స్టార్టు చేసి, కాళ్ళు పైకెత్తబోతూ నా వ్యాను వంకే చూస్తున్నాడు. నా వీపు వంకే.

ఇంజను ఆపేశాను. హారన్లు మొదలయ్యాయి.

మోపెడ్ ఆయన దిగి వచ్చి కిటికీ కొట్టాడు. "ఏంటి బాబాయ్, బస్సు పోయిందిగా! పోతే పో, లేదంటే పక్కకి తియ్యి, మేం పోతాం."

"ఆగండి తమ్ముడూ," అన్నాను. "ఆగితే ఏం పోద్ది?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. ఏం పోద్దో నాకు తెలుసు. అక్కడ జనాజా, అంటే మామూ పాడె, లేచిపోద్ది. ఎన్నేళ్ళ నుంచి ఈ మాట మీద పోట్లాడానో ఆ మాటే నన్ను పట్టుకుని కూర్చుంది. "చూశావా మామూ, చచ్చి కూడా సాధిస్తున్నావు" అని పైకే అన్నాను.

మా ఆవిడ నా వంక వింతగా చూసింది. అప్పుడు ఆమెకి వాదీ సంగతి మొత్తం చెప్పాను. మొదటిసారి చెప్పడం. చెయ్యి ఊపిన సంగతి కూడా దాచలేదు. ఆమె అద్దంలోంచి మోపెడ్ మీది బిడ్డని చూసింది. మా పెళ్ళి బిర్యానీ చల్లారిపోయిందని ఇన్నేళ్ళూ దెప్పిన మనిషి ఆమె.

"వ్యాను తిప్పండి," అంది. "భట్టిప్రోలు మీదుగా చుట్టు తిరిగి పోదాం."

తిప్పాను. మోపెడ్ ఆయన తిట్టుకుంటూ నా వెనకే తిప్పాడు. ఆటోవాడు మాత్రం నన్ను పిచ్చివాడిలా చూసి నీళ్ళలోకి దిగాడు. అవతల ఒడ్డెక్కాడు కూడా. ఏమీ కాలేదు. ఆ సంగతి కూడా చెప్పాలి కదా.

రేపల్లె చేరేసరికి అసర్ ఎప్పుడో దాటిపోయింది. ఇంటి ముందు ఆడవాళ్ళే ఉన్నారు. ముమానీ నన్ను చూసి, "తీసుకెళ్ళిపోయారు రా. ఇంతసేపు ఎక్కడ ఆగిపోయావురా?" అని ఏడ్చింది. కబరస్తాన్ వైపు వానలో పరుగెత్తాను.

సందు మలుపు తిరిగేసరికి జనం. జనాజా ఆగి ఉంది. బల్లలు వేసి వాటి మీద దించి, పైన టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డారు. ముందు, కబరస్తాన్ గేటు దాకా సందంతా నీళ్ళు. సలీం ఆ నీళ్ళ ముందు చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు. అచ్చం వాళ్ళ నాన్నలాగే.

"ఏంట్రా ఇది?"

"ఎవర్నీ దిగనివ్వలేదన్నా," అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మోకాలి లోతు కూడా లేదంటున్నారు అందరూ. కానీ పక్కన డ్రెయిను మూత లేచిపోయింది, ఎక్కడుందో కనపడట్లా. వెనక ఇంతమంది ఉన్నారు. బాబా ఉంటే దిగనిచ్చేవాడా? ఎందుకో నాకు తెలీదన్నా. చిన్నప్పట్నుంచి తిట్టుకున్నానే గానీ అడగలేదు. ఇవాళ మాత్రం కాళ్ళు కదల్లేదు."

ఇమాంగారు విసుక్కుంటున్నారు. "జనాజాని ఇలా ఆపకూడదు నాయనా." ఎవరో పెద్దాయన, "బతికినన్నాళ్ళూ స్టాపు సాయిబే, ఇప్పుడూ స్టాపు సాయిబే" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అంత దుఃఖంలోనూ నాకూ నవ్వొచ్చింది. ఆయన నన్ను రోడ్డు మీద నిలబెట్టినంతసేపూ, ఇక్కడ తనూ నిలబడే ఉన్నాడు.

టార్పాలిన్ పట్టుకున్నవాళ్ళ దగ్గర ఒక వెదురు కర్ర తీసుకున్నాను. ప్యాంటు పైకి మడిచి ఒక్కణ్ణే దిగాను. అడుగడుక్కీ కర్ర గుచ్చి చూసుకుంటూ గోడ పక్కగా గేటు దాకా పోయాను. డ్రెయిను నోరు ఎడమ పక్క దొరికింది. అక్కడ కర్రంతా లోపలికి దిగిపోయింది. పైకి లాగి, దాని అంచు మట్టిలో నిలువుగా గుచ్చి, నా తుండుగుడ్డ కట్టి వచ్చాను.

"ఇప్పుడు లేపండి," అన్నాను. "గోడ పక్కగా, నా వెనకాలే రండి."

సలీం భుజం పట్టాడు. జనాజా లేచింది. నేను ముందు నడిచాను. రెండడుగులకోసారి ఆగి వెనక్కి చూశాను. మోసేవాళ్ళ కాళ్ళు చూశాను, వాళ్ళ వెనక జనాన్ని చూశాను, భుజాల మీద తెల్లగుడ్డ కింద ఆ పొట్టి మనిషిని చూశాను. బతికినన్నాళ్ళూ నీళ్ళ దగ్గర నన్ను ఒక్కసారి కూడా ముందు పోనివ్వని మామూ, ఆ సాయంత్రం ఒక్క మాట అనకుండా నా వెనక వచ్చాడు.